శక్తిమాన్ - వేషము విప్పని వీరుడు

ఆదివారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు తిరుపతి వీధులలో పిల్లల అలికిడి వినబడని కాలమొకటి ఉండినది. గోళీలాడు పిల్లలు గోళీలను గుంటలోనే విడిచి, నీళ్ళకు పోయినవారు బిందెలను కుళాయి వద్దనే దింపి, టెలివిజన్ పెట్టె ఉన్న ఇంటికి పరుగెత్తేవారు. ఆ పరుగునకు కారణము శక్తిమాన్. 1997 సెప్టెంబరు 13వ తేదీన దూరదర్శన్ జాతీయ ప్రసారములో మొదలై, 2005 మార్చి 27వ తేదీ వరకు నడచిన హిందీ ధారావాహిక అది. ఆనాడు ఆ పెట్టె ముందు కూర్చున్న బాలబాలికలు ఈనాడు బిడ్డల తల్లిదండ్రులైనారు. అందుచేత ఆ కథను చరిత్రగా చూచుటకు ఇది తగిన సమయమని నాకు తోచినది.

రేడియోలో పనిచేయువారికి టెలివిజన్ వీరునితో ప్రసక్తి యేమని కొందరు శ్రోతలు అడుగవచ్చును. ఇట్టి వీరులకు మొట్టమొదట ఎగురుట నేర్పిన వారిలో రేడియో కూడ ఉన్నదని వారికి నా మనవి. ఆ సంగతి తరువాత వచ్చును.

మన సీమలో టెలివిజన్ రాకను గురించి రెండు మాటలు చెప్పవలెను. మదరాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రసారములు ప్రారంభించినవి. మన సీమ తూర్పు అంచున ఉన్న సత్యవేడు, నగరి ప్రాంతములవారికి హైదరాబాదు కంటె మదరాసు దగ్గర. మిద్దెల మీద పొడవైన ఇనుప గొట్టములు నిలిపి, వాటి కొనను అంటెనాలు కట్టి, గాలి మళ్ళినప్పుడెల్ల ఒకరు పైకెక్కి త్రిప్పుచు, మరొకరు క్రింద నుండి "వచ్చె, వచ్చె, పోయె" అని కేకలు వేయుచు, అరవ కార్యక్రమములు చూచిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము పైకి పోయిన తరువాత దేశమంతట చిన్న చిన్న ప్రసార కేంద్రములు వెలసినవి. 1987 జనవరిలో రామాయణము, 1988 అక్టోబరులో మహాభారతము మొదలైనవి. తెలుగు ప్రసారములకు 1993లో ప్రత్యేకమైన ఛానెల్ ఏర్పడి, మన ఏడుకొండల పేరిట సప్తగిరి అని పిలువబడినది. కాని శక్తిమాన్ జాతీయ ప్రసారములో, హిందీలోనే వచ్చినాడు. ఇంట తెలుగు, అంగడిలో సగము తమిళము మాటలాడు చిత్తూరు పిల్లలకు ఆ హిందీ ఎంత అర్థమైనదో చెప్పలేను. గిరగిర తిరుగుచు ఆకాశమునకు లేచు మనుష్యుని అర్థము చేసికొనుటకు భాష అక్కరలేదు గదా.

కథ సంగ్రహముగా ఇది. సూర్యాంశులని పిలువబడు ఒక ఋషివర్గమువారు లోకమును అంధకారము నుండి కాపాడుటకై ఒక మానవుని ఎన్నుకొని, యోగమార్గమున అతని కుండలినిని మేల్కొల్పి, సప్తచక్రముల శక్తిని, పంచభూతముల బలమును అతనికి ఒసగుదురు. అతడే శక్తిమాన్. లోకమునకు మాత్రము అతడు పండిత గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి అను పత్రికా ఛాయాగ్రాహకుడు. నూనె రాచిన జుట్టు, పెద్ద కళ్ళద్దములు, ముందుకు వచ్చిన పండ్లు, తడబడు నడక గలిగి, అడుగుతీసి అడుగు వేయగానే నవ్వులపాలగు అమాయకుడు. అదే పత్రికలో విలేఖరిణిగా ఉన్న గీతా విశ్వాస్ శక్తిమాన్‌ను ఆరాధించును. ప్రక్కనే కూర్చున్న గంగాధరుని చూచి జాలిపడును. విరోధి పేరు తమ్‌రాజ్ కిల్విష్. సంస్కృతమున కిల్బిషమనగా పాపము. చీకటి రాజ్యమును స్థాపింపవలెనని అతని పట్టుదల.

పెద్దలు ఈ బాలుర కథను చూచి నవ్వుకొనుటకు మరొక కారణముండినది. శక్తిమాన్ వేషము ధరించిన ముకేశ్ ఖన్నా అంతకుముందు బి. ఆర్. చోప్రా మహాభారతములో భీష్ముడు. కిల్విష్ వేషము ధరించిన సురేంద్రపాల్ అదే మహాభారతములో ద్రోణాచార్యుడు. కురుక్షేత్రమున ఒకే పక్షమున నిలిచిన పితామహుడును ఆచార్యుడును తొమ్మిదేండ్లు తిరుగకమునుపే ఒకరిపై ఒకరు పిడుగులు విసరుకొనుచుండిరి! ఖన్నా తన నిర్మాణ సంస్థకు కూడ భీష్ముని పేరే పెట్టుకొన్నాడు. దర్శకుడు దినకర్ జాని.

ఈ ధారావాహికను అమెరికా సూపర్‌మేన్‌కు నకలని అప్పట్లో పలువురు తేలికగా కొట్టివేసినారు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. పత్రికా కార్యాలయము, కళ్ళద్దములు, వీరుని ప్రేమించి విలేఖరిని గుర్తింపని యువతి - ఇవన్నియు అక్కడి సరకే. అయితే శక్తి ఎక్కడి నుండి వచ్చినదను ప్రశ్న వద్ద దారులు విడిపోవును. సూపర్‌మేన్ వేరొక గ్రహమున పుట్టినవాడు గనుక బలవంతుడు. శక్తిమాన్ తపస్సు చేసి బలవంతుడైనాడు. మన తెలుగువారు ఆ అమెరికా వీరుని అంతకుముందే ఒకమారు మనవానిగా చేసికొని చూచినారు. 1980లో నందమూరి తారక రామారావు నాయకుడుగా వచ్చిన సూపర్‌మేన్ చిత్రములో నాయకునికి శక్తినిచ్చువాడు ఆంజనేయస్వామి. ఆంజనేయుని అనుగ్రహమున్నప్పుడు వేరొక గ్రహముతో మనకేమి పని?

ఇక మారువేషము సంగతి. దుష్టుని వెదకుచు రూపములు మార్చుకొను వీరుని కథను తిరుపతివారికి ముంబాయినుండి ఎవరును తెచ్చి ఇయ్యనక్కరలేదు. ప్రతి సంవత్సరము మే నెలలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతర అట్టి కథయే. స్త్రీలను చెరబట్టు పాలెగాడొకడు ఉండెనట. గంగమ్మ నిజరూపము చూచి వాడు పారిపోయి దాగినాడు. వాని కోసము ఆమె దినమునకొక వేషముతో వీధివీధి వెదకినది. బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము గడచినవి; వాడు బయటికి రాలేదు. దొర వేషము ధరించి వచ్చినప్పుడు తన వంటి దొర వచ్చినాడని నమ్మి వెలుపలికి వచ్చినాడు. అక్కడ వాని తల తెగినది. మరునాడు ఆమె మాతంగి వేషమున పోయి వాని భార్యను ఓదార్చినదని చెప్పుదురు. శత్రువును చంపి మరునాడు వాని భార్య కన్నీరు తుడుచు వీరుని నేను ఏ దేశపు బొమ్మల పుస్తకములోను చూడలేదు.

ఈ జాతరలో ప్రధాన వేషములు కైకాల కులమువారి వంతు. అది వారికి తరతరముల హక్కు. తక్కిన జనము మొక్కుబడిగా వేషములు వేసికొందురు. బైరాగి నాడు తెల్లని పూత, బండ నాడు కుంకుమ పూత, తోటి నాడు బొగ్గు పూత. మగవారు చీరలు కట్టి, పూలు ముడిచి, వరుసలో నిలుతురు. బండ వేషము నాడు చిన్న పిల్లవాడు కూడ పెద్దవారిని తిట్టవచ్చును. ఆ తిట్టు విని కోపగించుకొనువాడు తిరుపతివాడు కాడు. ఇదంతయు మన శ్రోతలకు తెలిసినదే. నేను ఎత్తిచూపదలచినది ఒక చిన్న విషయము. ఆ పూతలు బావి గట్టున, ఇంటి వసారాలో, అందరి కండ్లయెదుటనే పూయుదురు. దొర వేషము వేసిన మనిషి ఎవరి కొడుకో, ఎక్కడ పనిచేయునో వీధిలోని పిల్లవానికి తెలియును. తెలిసియే ఆ పిల్లవాడు ఆ పాదములకు మ్రొక్కును. వేషము వేసిన మనుష్యుడును, వేషములోని దేవతయు వానికి ఒకేసారి కనబడుదురు. ఒకటి రెండవదానిని చెరుపదు.

టెలివిజన్ పెట్టె ముందు కూర్చున్న పిల్లవానికి ఆ వసారా కనబడదు. ఇది నాకు పుస్తకములు చదివి తెలిసిన సంగతి కాదు.

1998 ఎండాకాలమున నేను కళాశాల సెలవులకు చంద్రగిరి దాపున ఉన్న మా మేనమామగారి ఊరికి పోయినాను. మా చిన్నమామ కుమారునికి అప్పుడు ఆరేండ్లు. ఒక ఆదివారము శక్తిమాన్ అయిపోయిన తరువాత వాడు కనబడలేదు. వెదకగా మిద్దె మీద, పిట్టగోడపై నిలబడి ఉన్నాడు. ఎర్ర తువాలు మెడకు చుట్టుకొని, ఒక చేయి పైకెత్తి, గిరగిర తిరుగుటకు సిద్ధముగా ఉన్నాడు. క్రింద బండపరపు. నేను నోరు తెరచి అరవబోగా మా అవ్వ నా చేయి గట్టిగా పట్టుకొన్నది. అరచినచో వాడు ఉలికిపడునని ఆమె భయము. ఆమె మెట్ల మొదట నిలబడి, చింతపండు బేరమాడునంత నెమ్మదిగా మాటలాడినది.

"రేయ్ నాయనా, ఎగిరేది మళ్ళ చూస్తాం. ముందర ఒగ మాట చెప్పు. వాడెవురి కొడుకురా? యా వూరు?"

"శక్తిమాన్‌కు వూరు లేదవ్వా."

"వూరు లేనోడు యాడన్నా ఉంటాడ్రా? సరే, పోనీ. మన వూరి అర్జునుడు మానెక్కే ముందర మోకు మూడుసార్లు లాగి చూసుకుంటాడే. వీడు లాగి చూసుకునింది నువ్వు చూసినావా?"

పిల్లవాడు చేయి దింపినాడు. కొంతసేపు ఆలోచించినాడు. "మోకు యాడ గట్టినారో కనపళ్ళేదవ్వా" అని, అదే మాట అడుగుటకు పిట్టగోడ దిగి మెట్ల వద్దకు వచ్చినాడు. అవ్వ వానిని చంకనెత్తుకొని, అప్పుడు కొట్టినది. రెండు దెబ్బలు. తరువాత తానే ఏడ్చినది.

ఆ మోకు మాట మన సీమ వెలుపలివారికి తెలియదు గనుక కొంత వివరించెదను. చిత్తూరు జిల్లా పల్లెలలో ద్రౌపదీదేవి ఆలయముల వద్ద వేసవిలో భారతము జరిపించుట పూర్వాచారము. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అనేక గ్రామములలో పదునెనిమిది దినములు, కొన్ని చోట్ల అంతకు మించియు జరుగును. అందులో అర్జునుని తపస్సు ముఖ్యమైన ఘట్టము. ఎత్తైన మానును నిలువుగా పాతి, దానిని కైలాసముగా భావింతురు. అర్జున వేషధారి ఉపవాసముండి, పద్యములు పాడుచు మెట్టుమెట్టుగా పైకెక్కును. సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టును సాగిలబడి ఉందురు. అతడు పైనుండి విసరు నిమ్మకాయ, విభూతి తమ ఒడిలో పడవలెనని వారి కోరిక. చివరి దినమున నేలపై మట్టితో పరచిన దుర్యోధనుని మహాకాయము తొడను భీముడు విరుగగొట్టును. ద్రౌపది జుట్టు ముడుచుకొనును. అంతటి భక్తిలోను మాను పాతినవారెవరో, మోకు కట్టినవారెవరో, అర్జునుడు ఏ కాపు కొడుకో ఊరంతటికి తెలియును. మరునాటి ఉదయము అతడు టీ అంగడి బల్లపై కూర్చుండి మోకాళ్ళకు నూనె రాచుకొనుచుండగా, ముందురాత్రి అతనికి మ్రొక్కిన పిల్లలు ప్రక్కన నిలబడి చూతురు.

శక్తిమాన్‌కు అట్టి మరునాడు లేదు. ధారావాహిక మొదట పేర్ల పట్టీలో ముకేశ్ ఖన్నా పేరు ఉన్నమాట నిజమే. అక్షరములు కూడబలుకుకొను బాలునికి ఆ పట్టీ వీరుడు వచ్చుటకు ముందు కలుగు ఆలస్యము మాత్రమే. నటుని ఒక రంగుతెర ముందు చిత్రించి, ఆ రంగును యంత్రముతో తొలగించి, దాని స్థానమున ఆకాశమును చేర్చుదురని ఆనాడు మనలో ఎందరికి తెలియును? నాకు తెలియదు. ఆ నాటి పనితనమును ఇప్పుడు చూచినచో అంచులు వణకుచు కనబడును. ఆనాడు వణకినవి మా గుండెలు.

ఆ సంవత్సరములలోనే దేశమున పలుచోట్ల పిల్లలు శక్తిమాన్ వచ్చి రక్షించునని నమ్మి నిప్పంటించుకొన్నారని, మేడలపై నుండి దూకినారని పత్రికలలో వార్తలు వచ్చినవి. ధారావాహికను ఆపివేయవలెనని కొందరు కోరినారు. ఆ ప్రమాదములకు తన కథ కారణము కాదని ఖన్నా వాదించినాడు. ఆ వార్తలన్నిటిని నేను నమ్మను. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటిలో కారణము వెదకు చేతికి దగ్గరనున్నది తగులుట సహజము. కాని మా మిద్దె పిట్టగోడను చూచినవాడను గనుక, అన్నియు కట్టుకథలని త్రోసివేయుటకు నాకు ధైర్యము చాలదు.

ధారావాహిక చివర వీరుడే పిల్లలతో నేరుగా మాటలాడు భాగమొకటి ఉండినది. పండ్లు తోముకొనుట, అబద్ధమాడకుండుట మొదలగు బుద్ధులు అందులో చెప్పేవాడు. తప్పు చేసిన పిల్లలు అతనికి క్షమాపణ చెప్పుకొనేవారు. తన సాహసములను అనుకరింపవద్దని హెచ్చరించుటయు ఆ భాగములోనే. ఈ ఏర్పాటు వెనుకనున్న సదుద్దేశమును నేను శంకింపను. అయినను ఒక చిక్కు ఉన్నది. ఆ హెచ్చరికను చెప్పినవాడు ముకేశ్ ఖన్నా కాదు. ఎర్రని దుస్తులు, గుండెపై బంగారు సూర్యచక్రము అట్లేయుండగా శక్తిమానే చెప్పినాడు. "నేను నటుడను, నన్ను ఎత్తినది యంత్రము" అని చెప్పలేదు. "నేను చేయగలను, మీరు చేయవద్దు" అనినట్లు పిల్లలకు వినబడినది. వసారా తలుపు అప్పుడును తెరుచుకొనలేదు.

ఈ చిక్కు ఒక్క మన దేశమునదే కాదు. మొదట వాగ్దానము చేసిన రేడియో సంగతికి ఇప్పుడు వచ్చెదను. సూపర్‌మేన్ 1938లో బొమ్మల పుస్తకమున పుట్టి, 1940లోనే అమెరికా రేడియోలో ప్రవేశించినాడు. తొలి బొమ్మలలో అతడు ఎగురలేదు, దూరముగా దుమికేవాడు మాత్రమే. దుముకుటకు శబ్దము చాలదు. ఎగురుటకు ఈదురుగాలి హోరు చాలును. వీరుని బలమును హరించు క్రిప్టోనైట్ అను రాయి కూడ 1943లో రేడియో కథలోనే ముందుగా వినబడి, తరువాత పుస్తకములకు ఎక్కినది. ఆ వేషమునకు గొంతునిచ్చిన బడ్ కాలియర్ విలేఖరిగా సన్నని స్వరముతో మాటలాడుచు, వాక్యము నడుమనే గొంతును లోతునకు దింపి సూపర్‌మేన్‌గా మారేవాడు. దుస్తులు లేవు, కళ్ళద్దములు లేవు. మార్పంతయు కంఠములోనే. మైకు ముందు కూర్చుండువారము గనుక ఆ విద్యకు మాకు అసూయ కలుగుట సహజము. అయితే ఆ గొంతు ఎవరిదో 1946 వరకు శ్రోతలకు చెప్పక దాచినారు. వీరుడు నిజముగా ఉన్నాడని పిల్లలు నమ్మవలెనని కాబోలు. 1952 నుండి 1958 వరకు టెలివిజన్‌లో జార్జి రీవ్స్ ఆ వేషము వేసినాడు. అందులో ఒక కథలో సూపర్‌మేనే ఒక బాలునితో తనవలె ఎగురుటకు ఎవరును ప్రయత్నింపరాదని చెప్పవలసివచ్చినది. దాదాపు నలుబదేండ్ల తరువాత మన శక్తిమాన్ చెప్పిన మాట అదే. అప్పుడును చెప్పినవాడు రీవ్స్ కాదు.

ఆకాశవాణిలో చేరిన తొలిదినములలో బాలల కార్యక్రమమునకు ఒక రాక్షసుని గొంతు వేయవలసివచ్చినది. ప్రసారమైన తరువాత స్టూడియో చూడవచ్చిన బాలికయొకతె, రాక్షసుడు ఏ గదిలో ఉన్నాడని నన్నే అడిగినది. మా మేనమామ కుమారుడు జ్ఞాపకమునకు వచ్చినాడు. ఆమెను మైకు వద్దకు తీసికొనిపోయి, ఖాళీ కుండలో నోరు పెట్టి మాటలాడి చూపించినాను. ఆమె తానును కుండలోనికి వంగి గర్జించినది. తోడు వచ్చిన తల్లి మాత్రము, "కథ పాడు చేసినారే" అని నన్ను నిష్ఠూరమాడినది. పాడైనదో లేదో ఆ బాలికను అడుగవలసినది.

2020 ఏప్రిల్‌లో, అంటువ్యాధి కారణముగా దేశమంతయు ఇండ్లకు పరిమితమైనప్పుడు, దూరదర్శన్ రామాయణ మహాభారతములతో పాటు శక్తిమాన్‌ను కూడ మరల ప్రసారము చేసినది. ఆ సంవత్సరము జనసమూహములపై నిషేధముండుటచేత గంగమ్మ జాతర ఎప్పటివలె వీధులలో సాగలేదు. వసారాలలో పూత కలిపిన గిన్నెలు లేవు. అదే మేనమామ కుమారుడు నాకు ఫోను చేసినాడు. ఇప్పుడతడు రేణిగుంటలో ఉద్యోగి. నాలుగేండ్ల కూతురు ఉన్నది. ఇద్దరును శక్తిమాన్ చూచుచుండిరట.

"ఎట్లుందిరా?" అని అడిగినాను.

"ఒగ పక్క నవ్వొస్తాది, ఇంగో పక్క కండ్లలో నీళ్ళొస్తాయి. బిడ్డ ఎవురు నాన్నా ఆయన అని అడిగింది."

"ఏం చెప్పినావు?"

"ముకేశ్ ఖన్నా అని చెప్పినా. బొంబాయి ఆయప్ప, ఎర్ర గుడ్డలేసుకోని శక్తిమాన్ వేసం కట్టినాడని చెప్పినా. అది విని, మరి ఆయన్ని యా మోకుతో కట్టినారని అడగతాది. నాకు తెలీదు. నువ్వు రేడియోలో ఉండావు గదా, కనుక్కోని చెప్పు."

రంగుతెర సంగతి నాకు తెలిసినంత వివరించి చెప్పినాను. బిడ్డకు అది రుచించలేదట. మోకే కావలెనని పట్టుబట్టినదట.